ఇండోనేషియా భాషకు ఇంగ్లీషు మీదుగా చుట్టుతోవ ఎందుకు?

గోదావరిఖనిలో, ఎన్టీపీసీ జ్యోతినగర్‌లో, మంథని వైపు సెంటినరీ కాలనీలో చదువుకునే పిల్లలు పెద్దల నోట తరచూ వినే మాట ఒకటుంది: "ముందుగాల ఇంగ్లీషు మంచిగ నేర్చుకో. అదొస్తే ఏ భాషైనా అదే వస్తది." మైనింగ్ డిప్లొమా చదివే కుర్రాడు ఇండోనేషియా భాష మొదలుపెడతానంటే ఈ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు పెట్టినాయన అంటాడు, కాలేజీ సారు అంటాడు, నైట్ షిఫ్టు దిగివచ్చిన తండ్రీ అంటాడు. దీనికి జోడుగా ఇంకో మాట కూడా తిరుగుతోంది: ఇండోనేషియా భాషకు వ్యాకరణమే లేదట, నెల రోజుల్లో వచ్చేస్తుందట. రెండూ తప్పే. మొదటి మాట పిల్లవాణ్ణి మొదలుపెట్టనివ్వదు. రెండోది మొదలుపెట్టినవాణ్ణి మూడు వారాలకే మానిపిస్తుంది. తెలుగు వచ్చినవాడు ఇండోనేషియా భాషను తెలుగు నుంచే నేరుగా నేర్చుకోవాలి. దగ్గరి తోవ అదే. నేను చెప్పదలచింది ఇంతే, కానీ దీన్ని గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

అసలు ఆ భాష మనకెందుకని వేరే ఊళ్లో అడిగితే అర్థం చేసుకోవచ్చు. బొగ్గు మీద బతికే ఊళ్లో అడగకూడని ప్రశ్న అది. కరెంటు తయారీకి వాడే బొగ్గును ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా ఎగుమతి చేసేది ఇండోనేషియా. అక్కడి కలిమంతాన్ గనుల్లో తవ్విన బొగ్గు మహకం నది మీద పడవల్లో సముద్రానికి చేరి, ఓడల్లో మన కృష్ణపట్నం దాకా వస్తుంది. సింగరేణి బొగ్గుకు మార్కెట్లో పోటీ అదే. 2022 జనవరి 1న ఆ దేశం తన కరెంటు ప్లాంట్లకే బొగ్గు చాలడం లేదని ఎగుమతులు ఆపేసింది. ఆ కబురు ఇక్కడి దిగుమతిదారులను కలవరపెట్టింది. అలాంటి ఉత్తర్వులు వెలువడేది ఇండోనేషియా భాషలో. మనవాళ్ల పెట్టుబడులూ అక్కడికి పోయాయి. టాటా పవర్ 2007లో కాల్తిమ్ ప్రిమా గనిలో 30 శాతం వాటా కొన్నది. అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాంలో పుట్టిన మన జీఎంఆర్ సంస్థ 2011లో గోల్డెన్ ఎనర్జీ మైన్స్‌లో అంతే వాటా తీసుకుని చాలా ఏళ్లు ఉంచుకుంది. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నలభై వేల దగ్గరికి పడిపోయిన కాలంలో, గని పని తెలిసిన పిల్లలు ఇంకో బొగ్గు దేశం వైపు చూడటం తప్పెలా అవుతుంది?

"అక్కడా ఇంగ్లీషే నడుస్తది కదా" అంటారు. ఎంతవరకు నడుస్తుందో ఒక కేసు చెబుతుంది. ఒక ఇండోనేషియా కంపెనీ ఒక అమెరికా సంస్థ దగ్గర నలభై నాలుగు లక్షల డాలర్ల అప్పు తీసుకుంది. తాకట్టు పెట్టినవి ఆరు క్యాటర్‌పిల్లర్ 775ఎఫ్ డంపర్లు. మన ఓపెన్‌కాస్టు హాల్ రోడ్ల మీద తిరిగే డంపర్ల జాతివే. ఒప్పందం రాసుకున్నది ఇంగ్లీషులో మాత్రమే. ఆ దేశంలో 2009లో వచ్చిన 24వ నంబరు చట్టం ప్రకారం, ఇండోనేషియా సంస్థలతో చేసుకునే ఒప్పందాలు ఇండోనేషియా భాషలో ఉండి తీరాలి. 2013లో పశ్చిమ జకార్తా కోర్టు ఆ ఒప్పందం చెల్లదని కొట్టేసింది. 2015లో సుప్రీంకోర్టూ అదే నిలబెట్టింది. ఆ ఒక్క లోపం మీదే ఒప్పందం మొత్తం పోయింది. గని అడుగుకు దిగితే సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. డంపర్ ఆపరేటరు, మెకానిక్కు, సేఫ్టీ బోర్డు, క్యాంటీను అన్నీ మాట్లాడేది ఇండోనేషియా భాషే.

ఇక అసలు వాదనకు వస్తాను.

ఇండోనేషియా భాష మొదలుపెట్టిన ప్రతివాడినీ ఆపేసే చోటు క్రియ ముందు వచ్చే ఒక ఉపసర్గ. పని చేసే మనిషిని ముందు పెట్టి చెప్పే వాక్యంలో ఇది చాలా క్రియలకు తగులుతుంది. తవ్వడం 'గాలి'. వాక్యంలో అది 'మెంగాలి' అవుతుంది. చదవడం 'బాచ', అది 'మెంబాచ'. అమ్మడం 'జువల్', అది 'మెంజువల్'. వినడం 'దెఙర్', అది 'మెందెఙర్'. ఇంగ్లీషు పుస్తకాలు వీటిని నాలుగైదు వేర్వేరు రూపాలుగా చూపించి, ఏ అక్షరం ముందు ఏది వస్తుందో పట్టిక గీసి, బట్టీ పట్టమంటాయి. ఆ పట్టిక దగ్గరే మన పిల్లలు పుస్తకం మూసేస్తారు.

పైన నేను తెలుగులో ఎలా రాశానో ఇంకోసారి చూడండి. నాలుగు క్రియలకూ ముందున్నది ఒకటే, 'మెం'. సున్నా ఒకటే, పలకడం మాత్రం నాలుగు రకాలు. వంక అన్నప్పుడు సున్నా ఒక తీరుగా పలుకుతుంది, కంచె అన్నప్పుడు ఇంకో తీరు, పంది అన్నప్పుడు వేరు, పంపు అన్నప్పుడు వేరు. పక్కనున్న హల్లు ఏ వర్గానిదైతే సున్నా ఆ వర్గం అనునాసికమవుతుంది. ఒకటో తరగతి పిల్లవాడి నోరు ఏ పట్టికా లేకుండానే ఈ పని చేస్తుంది. ఇండోనేషియా క్రియల్లో ఉన్నది అచ్చంగా ఇదే సూత్రం.

అక్కడ అదనంగా నేర్చుకోవాల్సింది కొంచెం ఉంది. క్రియ 'క, త, ప, స'లతో మొదలైతే ఆ హల్లు పోయి దాని వర్గం అనునాసికం మాత్రమే మిగులుతుంది. పంపడం 'కిరిమ్', అది 'మెఙిరిమ్'. రాయడం 'తులిస్', అది 'మెనులిస్'. కొట్టడం 'పుకుల్', అది 'మెముకుల్'. ఊడవడం 'సాపు', అది 'మెఞాపు'. 'స'ను చవర్గంలో కలిపి లెక్కపెట్టుకుంటే చాలు. అచ్చుతో మొదలయ్యే క్రియకు ఙకారం వస్తుంది. తీసుకోవడం 'అంబిల్', అది 'మెఙంబిల్'. ల, ర లాంటి వాటి ముందు ఉత్త 'మె' సరిపోతుంది. చూడటం 'లిహత్', అది 'మెలిహత్'. ఈ సూత్రం పట్టుబడకపోతే నిఘంటువు కూడా పనికిరాదు. ఎందుకంటే 'మెనులిస్' కోసం వెతికేవాడు 'తులిస్' దగ్గర చూడాలి. మనం బడిలో వరుసగా అప్పజెప్పి, ఆ తర్వాత ఎక్కడా వాడక మర్చిపోయిన ఙ, ఞ అక్షరాలు అక్కడ నిత్యం పనిచేస్తున్నాయి. దోమను వాళ్లు 'ఞాముక్' అంటారు. ఇంత దగ్గరి దారి ఇంట్లో పెట్టుకుని, అనునాసికాలను వర్గాల వారీగా విడదీసి చూపని ఇంగ్లీషు అక్షరాల గుండా పిల్లవాణ్ణి ఎందుకు నడిపించాలి?

ఇంగ్లీషు మీదుగా వెళ్లడంలో ఇంకో నష్టం ఉంది. ఇండోనేషియా భాష రాసేది రోమన్ అక్షరాలతోనే కాబట్టి, ఇంగ్లీషు అలవాటున్న పిల్లవాడు అలాగే చదివేస్తాడు. గనిని అక్కడ 'తంబఙ్' అంటారు. వీడు 'టాంబాంగ్' అంటాడు. వెతకడం 'చారి'. వీడు 'కారి' అంటాడు, ఎందుకంటే ఆ అక్షరాన్ని ఇంగ్లీషు వాడికి క అనో స అనో నేర్పింది. ఇండోనేషియాలో అది ఎప్పుడూ చకారమే. 1972 స్పెల్లింగు సంస్కరణ తర్వాత అక్కడ రాతకూ పలుకుకూ మధ్య దూరం ఇంకా తగ్గింది. రాసినట్టు పలకడం, పలికినట్టు రాయడం తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దాన్ని పక్కన పెట్టించి, ఇంగ్లీషు స్పెల్లింగుల అలవాటు ముందు ఎక్కించి, తర్వాత దాన్ని మాన్పించడం రెండింతల పని.

అర్థాల విషయంలో నష్టం ఇంకా పెద్దది. ఇంగ్లీషులో మనం, మేము రెండింటికీ ఒకటే మాట. ఇండోనేషియా భాషలో మనలాగే రెండున్నాయి: 'కిత' అంటే మనం, 'కామి' అంటే మేము. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ సైరన్ మోగిన వేళ పక్కనున్న మనిషి "కిత కెలువర్" అంటే "మనం బయటికి పోదాం" అని. "కామి కెలువర్" అంటే "మేము పోతున్నం" అని మాత్రమే. నువ్వు పోవాలో వద్దో ఆ మాటలో లేదు. ఇంగ్లీషులోకి మార్చి అర్థం చేసుకునేవాడికి ఈ రెండు వాక్యాలూ ఒకటిగా వినబడతాయి. తెలుగువాడికి ఎవరూ వివరించనక్కర్లేదు. కాదు, లేదు అనే తేడా కూడా అక్కడుంది. "ఆయన ఓవర్‌మెన్ కాదు" అనే చోట 'బుకన్' వస్తుంది, "ఆయన డ్యూటీకి రాలేదు" అనే చోట 'తిదక్' వస్తుంది. గుణం చెప్పేటప్పుడు మాత్రం తెలుగును గుడ్డిగా నమ్మొద్దు. 'మంచిది కాదు' అనడానికి వాళ్లు 'తిదక్ బాయిక్' అంటారు.

పిలుపుల సంగతి చూడండి. ఇంగ్లీషు వాచకం మొదటి పాఠంలోనే 'నువ్వు' అనే సర్వనామం నేర్పి అందరికీ అదే వాడమన్నట్టు సాగిపోతుంది. గనిలో ఫోర్‌మన్‌ను ఆ సర్వనామంతో పిలిస్తే మర్యాదగా ఉండదు. వయసులో పెద్దాయన్ని 'పాక్' అంటారు. నాన్న అనే మాట నుంచి వచ్చింది అది. పెద్దావిడ 'బు', అంటే అమ్మ. కొంచెం పెద్దవాడైతే 'బఙ్' అనో, జావావాడైతే 'మస్' అనో అంటారు. రెండూ అన్న అనే. కాకా, అన్నా, అక్కా, తమ్మీ అని పిలవకుండా రోజు గడవని ఊరు మనది. ఇది మన పిల్లలకు పాఠం చెప్పాల్సిన విషయమే కాదు. ఎదురుపడగానే "సుదహ్ మాకన్?" అని అడగడం అక్కడి పలకరింపు. "తిన్నవా?" అని మనం అడిగినట్టే. తినకపోతే ఒక్క మాట, "బెలుమ్". ఇంకా లేదు అని.

ఇప్పుడు రెండో అపోహ. కాలాన్ని బట్టి క్రియ మారదు, ఆడ మగ తేడా లేదు, నిజమే. దీన్నే పట్టుకుని వ్యాకరణం లేని భాష అని ప్రచారం చేస్తున్నారు. 'అజర్' అనే ధాతువు చూడండి. 'బెలాజర్' నేర్చుకోవడం, 'మెఙాజర్' నేర్పడం, 'పెలాజర్' విద్యార్థి, 'పెఙాజర్' బోధించేవాడు, 'పెలాజరన్' పాఠం. ఒక్క వేరు నుంచి ఇన్ని కొమ్మలు. వ్యాకరణమంతా అక్కడే ఉంది. లేదని నమ్మి దిగిన కుర్రాడు ఈ రూపాలు ఎదురుకాగానే లోపం తనలో ఉందనుకుంటాడు. ఇలా మానేసిన పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. లోపం వాళ్లలో లేదు, వాళ్లకు చెప్పిన మాటలో ఉంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ ఇండోనేషియా భాషకు పెట్టిన గడువు 36 వారాలు. రోజంతా అదే పనిగా నేర్చుకునేవాళ్లకు కూడా. అదే సంస్థ తెలుగుకు 44 వారాలు పెట్టింది. ఈ లెక్కలన్నీ ఇంగ్లీషు దగ్గర నిలబడి కొలిచినవి. తేలిక, కష్టం అనేవి ఎక్కడ నిలబడ్డామన్న దాన్ని బట్టి ఉంటాయి. మనం నిలబడ్డది గోదావరి ఒడ్డున.

సంస్కృతం మాటలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ భాష మనకు సగం వచ్చినట్టే అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట మీద ఎక్కువసేపు ఆగను. 'నెగర' అంటే అక్కడ దేశం, నగరం కాదు. 'ఇస్త్రి' అంటే భార్య, 'సువామి' అంటే భర్త. గుర్తుపట్టిన మాటలతో వాక్యం కట్టలేం.

తెలుగు మనకు అడ్డం వచ్చే చోట్లూ దాచకుండా చెప్పాలి. వరుస తలకిందులవుతుంది. పెద్ద ఇల్లు అక్కడ 'రూమహ్ బెసర్', ఇల్లు ముందు, పెద్ద తర్వాత. క్రియ వాక్యం చివర ఉండదు, నడుమ వస్తుంది. ఇంకోటి, మాట చివర ఉకారం తగిలించే మన అలవాటు. బస్సు, కారు, లారీకి లోడు అన్నట్టు, పిల్లవాడు అనే అర్థమున్న 'అనక్'ను మనవాడు 'అనకు' అంటాడు. అక్కడ 'అనక్‌కు' అంటే 'నా బిడ్డ'. ఈ అలవాటు మానడానికి గట్టిగా సాధన చేయాలి. రాతలో ఎకారంలా కనిపించే అచ్చు రెండు రకాలుగా పలుకుతుంది, ఏది ఎప్పుడో చెవితోనే పట్టాలి. ఇవన్నీ కష్టాలే. క్రియ నడుమ రావడం తప్ప వీటిలో ఒక్కదాన్నైనా ఇంగ్లీషు పూర్తిగా తీర్చదు.

ఇంగ్లీషు లేకుండా పరాయి భాష వస్తుందా అని ఇంకా అనుమానపడేవాళ్లు తమ బంధువుల్లోనే చూసుకోవచ్చు. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి ఊళ్లనుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో ఇంగ్లీషు చదివి, ఆ తర్వాత అరబీ నేర్చుకున్నవాళ్లు ఎంతమంది? పనిలో దిగి, చెవితో విని, తెలుగులో అర్థం చేసుకుని నేర్చుకున్నారు. వందేళ్ల కింద శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి మలయా తోటలకు పోయిన కూలీలు మలయు భాష నేర్చుకున్నదీ అలాగే. ఇండోనేషియా భాష పుట్టింది ఆ మలయు నుంచే.

బొగ్గు గనుల చరిత్రలో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. సుమత్రా దీవిలోని సవహ్‌లుంతోలో డచ్చివాళ్లు 19వ శతాబ్దం చివర ఒంబిలిన్ గని తెరిచారు. జావా నుంచీ ఇతర దీవుల నుంచీ ఖైదీలను గొలుసులతో బంధించి తెచ్చి బొగ్గు తవ్వించారు. అక్కడివాళ్లు వాళ్లను గొలుసు మనుషులన్నారు. ఒకరి మాట ఒకరికి తెలియని ఆ కార్మికులు, మలయును ఆధారం చేసుకుని, తమ తమ మాతృభాషల నుంచి మాటలు తెచ్చి కలిపి, బారకుల్లో ఒక కొత్త భాష కట్టుకున్నారు. తాన్సి భాష అంటారు దాన్ని. తాన్సి అంటే బారకు. ఆ గనిని యునెస్కో 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హాజరు, సర్దారు, మస్టరు, ఓబీ, డంపరు అంటూ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు మాటలను తెలుగు వాక్యంలో ఇముడ్చుకున్న మన గని కార్మికులకు ఈ కథ కొత్తదేమీ కాదు.

ఇంటి భాష నుంచే కొత్త భాషను చేరుకోవచ్చని ఇండోనేషియా భాష పుట్టుకే చెబుతుంది. 1928 అక్టోబరు 28న ఆ దేశపు యువకులు తమను కలిపే భాష ఒకటి ఉండాలని ప్రతిన పూనినప్పుడు, అందరికన్నా ఎక్కువమంది మాట్లాడే జావా భాషను ఎంచుకోలేదు. రేవుల్లో వ్యాపారానికి నడిచిన మలయును తీసుకున్నారు. అంటే అక్కడ ఎక్కువమందికి అది ఇంటి భాష తర్వాత నేర్చుకున్న భాష. జావావాడు జావా భాష నుంచి, బుగిసువాడు బుగిసు నుంచి దాన్ని చేరుకున్నాడు. తెలుగువాడు తెలుగు నుంచి చేరుకుంటే వింతేముంది? డచ్చి పాలన పోయాక వాళ్లు గనులు, రసాయనాలు, చట్టం, వైద్యం అన్నీ ఈ భాషలోనే చెప్పుకునేలా పరిభాష తయారుచేసుకున్నారు. సాంకేతిక విషయం ఇంగ్లీషులో తప్ప కుదరదని మన కాలేజీల్లో నమ్ముతున్న మాటకు ఆ దేశమే జవాబు.

"పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నయి కద" అన్న అభ్యంతరం న్యాయమైనదే. తెలుగులో మంచి వాచకం రాయాలి, అది మన బాధ్యత. అప్పటిదాకా ఇంగ్లీషు పుస్తకాన్ని మాటల సంచిగా వాడుకోవచ్చు, వివరణ మాత్రం తెలుగులో జరగాలి. ఇండోనేషియా ప్రభుత్వం విదేశీయుల కోసం బిపా పేరుతో పాఠాలు నడుపుతోంది. 1974 నుంచి దర్మసిస్వ స్కాలర్‌షిప్ ఇస్తోంది.

ఉద్యోగం గురించి పిల్లలకు అబద్ధం చెప్పొద్దు. ఆ దేశం మామూలు పనులకు విదేశీయులను తీసుకోదు. నైపుణ్యమున్న కొన్ని హోదాలకే అనుమతి. ఏజెంటు ఎవరైనా ఇండోనేషియా గనిలో హెల్పర్ పని ఇప్పిస్తానంటే నమ్మి డబ్బు కట్టొద్దు. అనుభవమున్న మైనింగ్ ఇంజనీరుకు, సర్వేయరుకు, పెద్ద యంత్రాలు తెలిసినవాడికి, బొగ్గు వ్యాపారంలో ఉన్నవాడికి ఈ భాష పనికొస్తుంది. తీసుకున్న విదేశీ ఉద్యోగికి ఇండోనేషియా భాష నేర్చుకునే ఏర్పాటు చేయాలని 2018 నాటి అధ్యక్ష ఉత్తర్వు యజమానులను ఆదేశించింది. అక్కడికి పోయాక నేర్చుకోవాల్సిందే అయినప్పుడు ఇక్కడే మొదలుపెట్టడం మేలు.

మైనింగ్ డిప్లొమా నడిపే కాలేజీలు వారానికి రెండు గంటలు దీనికి కేటాయించాలి. మొదటి నెల తెలుగు లిపిలో రాయిస్తూ నోరు తిప్పించాలి, చివరి ఉకారం మాన్పించాలి. రెండో నెల వర్గాలు గుర్తుచేసి 'మెం' సూత్రం చెప్పి, గాలి, కిరిమ్, తులిస్ లాంటి క్రియలను మార్పించాలి. మూడో నెల అక్కడి గనుల దగ్గర పెట్టే బోర్డులు చదివించాలి: 'అవస్' అంటే జాగ్రత్త, 'బహాయ' అంటే ప్రమాదం, 'దిలారఙ్ మాసుక్' అంటే లోపలికి రాకూడదు, 'కెసెలామతన్' అంటే భద్రత. ఇంగ్లీషు మార్కులు చూసి ఎవరినీ ఈ తరగతి బయట నిలబెట్టకూడదు.